ఎర్ర దీపం ఎవరికి వెలగాలి?

రాచర్లలో ఒకే ఇంటి రెండు తరాల మధ్య నడిచిన వాదన ఇది. పెదనాయన మార్కాపురం పలకరాయి క్వారీల్లో మేటుగా మొదలై, పరీక్షలు రాసి మేనేజరు సర్టిఫికెట్ తెచ్చుకుని, రిటైరయ్యేదాకా గుంతలోనే బతికిన మనిషి. తమ్ముడి కూతురు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు సంస్థలో పనిచేస్తుంది. ఫ్యాక్టరీల, గనుల మేనేజర్లు ఏ చట్టం కింద ఏం చేయాలో, దేన్ని ముందు చేయాలో లెక్కకట్టి చూపించే సిస్టం తయారుచేసే బృందంలో ఉంది. ఇద్దరూ పట్టు విడిచే రకం కాదు. ఇద్దరూ కార్మికుడి ప్రాణం గురించే మాట్లాడుతున్నారు. అందుకే ఈ మాటలు అచ్చులో ఉండాలనుకున్నాను.

పెదనాయన: నీ సిస్టం ఏం చేస్తుందో ఒక్క ముక్కలో చెప్పమ్మా. నాకెందుకు నమ్మకం లేదో తర్వాత నేను చెప్తా.

అమ్మాయి: ఒక్క ముక్కలో కుదరదు పెదనాయనా. నీ ఫ్యాక్టరీ వివరాలిస్తే ఏ చట్టంలో ఏ సెక్షను నీకు వర్తిస్తుందో తేలుస్తుంది. గడువు దాటకముందే గుర్తుచేస్తుంది. పది పనులు ఒక్కసారే మీదపడితే, దేన్ని వాయిదావేస్తే మనుషులకి ఎక్కువ ముప్పో చూసి వరస కడుతుంది. నువ్వు ఏం నిర్ణయించావో, ఎందుకు అట్లా నిర్ణయించావో రాసిపెట్టుకుంటుంది. నిర్ణయం మాత్రం నీదే. 1971లో గోరీ, స్కాట్ మోర్టన్ అనే ఇద్దరు ఎంఐటీ వాళ్ళు ఈ రకం వ్యవస్థల గురించి రాసినప్పుడే ఆ సంగతి చెప్పారు. లెక్కకి దొరికే భాగాన్ని యంత్రం చూసుకోవాలి, దొరకని భాగాన్ని మనిషి చూసుకోవాలి.

పెదనాయన: పలకరాయిలో లెక్కకి దొరికేదెంతో చూద్దాం. బెంచి ఎత్తెంత, వెడల్పెంత అని 1961 మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్సులో ఉంది. టేపు పెట్టి కొలుస్తాం, సరిగ్గానే ఉంటుంది. రాత్రి వాన పడింది. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరలు గుంతవైపు వాలి ఉన్నయి. నీళ్ళు పొరల మధ్యకి దిగినయి. పొద్దున్నే వెళ్ళి చూస్తే పైన వెంట్రుకవాసి చీలిక. కొలత తప్పలేదు, రెగ్యులేషను తప్పలేదు. మనుషుల్ని మాత్రం ఆ గోడ కిందికి పంపకూడదు. నీ సిస్టం ఆ పొద్దున ఎర్ర దీపం వెలిగిస్తుందా, పచ్చదీపం వెలిగిస్తుందా?

అమ్మాయి: కొలతలు మాత్రమే ఇస్తే పచ్చదీపమే వెలిగిస్తుంది. అది ఒప్పుకుంటున్నా. వాన ఎంత పడింది, పొరలు ఎటు వాలాయి, గోడ పైభాగాన్ని ఈరోజు ఎవరైనా చూశారా అని అడిగేట్టు చేస్తే, ఆ మూడింటికీ జవాబు వచ్చేదాకా ఏ దీపమూ వెలగదు. అసలు సంగతి ఏమిటంటే, ఆ పొద్దున అక్కడ నువ్వున్నావు గనక చీలిక కనబడింది. నువ్వు రిటైరయ్యాక ఆ గుంతకి వచ్చినవాడు ఎవరు? నీకు తెలిసింది అతనికెట్లా తెలుస్తుంది? నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది?

పెదనాయన: ఎక్కువమంది లేరు. అది నిజమే.

అమ్మాయి: నేను చేసేది ఆ పనే. నీ తలకాయలో ఉన్న ప్రశ్నల్ని బయటికి తీసి, ఇంకొకడు అడగడం మరిచిపోకుండా చూడటం.

పెదనాయన: ప్రశ్నల్ని తీసుకుంటావు బాగానే. జవాబు ఇచ్చేవాడు గుంతలోకి దిగకుండా ఆఫీసులో కూర్చుని 'చూశాను' అని నొక్కితే? మా కాలంలో రిజిస్టర్లు నెలాఖరున ఒకే పెన్నుతో, ఒక్క ఊపున రాసేవాళ్ళు. ఆ అబద్ధం చేతిరాతలో కనబడేది. మంచి ఇన్‌స్పెక్టరు పేజీ తిప్పగానే పట్టేసేవాడు. నీ సిస్టంలో నిజం, అబద్ధం రెండూ ఒకే అచ్చులో ఉంటాయి.

అమ్మాయి: టైము, చోటు పడతాయి కదా. గుంత దగ్గర లేకుండా నొక్కితే తెలిసిపోతుంది.

పెదనాయన: ఫోను గుంత దగ్గరికి పంపుతారు, మనిషి ఆఫీసులోనే ఉంటాడు.

(అమ్మాయి నవ్వలేదు. అది జరిగేపనే అని ఆమెకీ తెలుసు.)

అమ్మాయి: ఇన్‌స్పెక్టరు అన్నావు. నీ కాలంలో ఒకే ఇన్‌స్పెక్టరు ఏళ్ళ తరబడి అదే ఫ్యాక్టరీకి వచ్చేవాడు. ఎవరింట్లో పెళ్ళి ఎప్పుడో కూడా తెలిసేది. ఇప్పుడు ఎవరు ఎక్కడికి వెళ్ళాలో కంప్యూటరే తీస్తుంది. వరసగా రెండుసార్లు ఒకే మనిషిని ఒకే చోటికి పంపదు. రిపోర్టు 48 గంటల్లో పెట్టాలి. మన రాష్ట్రం వ్యాపార సంస్కరణల ర్యాంకుల్లో ముందు నిలబడటానికి చేసిన మార్పుల్లో ఇదొకటి. లాలూచీ తగ్గలేదంటావా?

పెదనాయన: లాలూచీ తగ్గి ఉండొచ్చు. దాంతోపాటు గుర్తు కూడా పోయింది. పోయిన తడవ ఈ గోడ దగ్గర ఏం చెప్పాను, మీరేం చేశారు అని అడిగే మనిషి లేడు. కొత్తవాడు వస్తాడు, చెక్‌లిస్టు చూస్తాడు, పోతాడు.

అమ్మాయి: పోయిన తడవ ఏం రాశారో కొత్తవాడి ముందు పెట్టడానికి సిస్టం ఉన్నది. మనిషి మారినా గుర్తు మిగలాలంటే అది ఎక్కడో రాసి ఉండాలి కదా.

పెదనాయన: రాసినంత మేరకే.

అమ్మాయి: సరే, రాసి ఉన్నదాన్ని ఎవరూ ఒకచోట పెట్టి చూడకపోతే ఏమవుతుందో చెప్తా. 2020 మే 7, తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ళోకి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగింది, ట్యాంకులో స్టైరీన్ వారాల తరబడి కదలకుండా ఉండిపోయింది. స్టైరీన్ అణువులు తమలో తాము గొలుసుకట్టుకుంటాయి. అప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి గొలుసు ఇంకా వేగంగా కడుతుంది. అది జరగకుండా టీబీసీ అనే రసాయనం కలుపుతారు, ట్యాంకుని చల్లగా ఉంచుతారు. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన కమిటీ ఆ జులైలో నివేదిక ఇచ్చింది. టీబీసీ చాలినంత లేదు, చల్లబరిచే ఏర్పాటు చాలలేదు, ఉష్ణోగ్రత కొలిచేది ట్యాంకు అడుగునే అని అందులో ఉంది. టీబీసీ సంగతి స్టోరు రికార్డులో ఉంటుంది. ట్యాంకు ఎన్నాళ్ళుగా ఆగి ఉందో ఉత్పత్తి రికార్డులో ఉంటుంది. ఎండ ఎంతుందో ఊరందరికీ తెలుసు. వీటిని పక్కపక్కన పెడితే పదో తరగతి పిల్లవాడికైనా భయం వేస్తుంది. పక్కపక్కన పెట్టడమే మా సిస్టం పని. ఏప్రిల్‌లోనే ఎర్ర దీపం వెలిగేది.

పెదనాయన: నువ్వు చెప్పినదాంట్లోనే నా జవాబు కూడా ఉంది. కొలిచేది అడుగున ఉందన్నావు. పైన ఉడుకుతున్నది, అడుగున చల్లగా ఉంది. నీ సిస్టం ఎవరి మాట వింటుంది? ఆ అడుగు సెన్సరు మాటే వింటుంది. అంకె సరిగ్గా ఉంది, పచ్చదీపం. మనిషైతే ట్యాంకు పైకెక్కి రేకు మీద చెయ్యి పెట్టి చూస్తాడు.

అమ్మాయి: ఆ మనిషి కూడా లేడు కదా అక్కడ.

పెదనాయన: లేడు. ఎందుకు లేడో అడుగు. ఇంకోటి. ఆ ఫ్యాక్టరీలో సైరను ఉంది. దాన్ని మోగించే చోట్లు 36 ఉన్నాయని అదే కమిటీ రాసింది. ఒక్క చోట కూడా ఎవరూ నొక్కలేదు. ఊళ్ళోవాళ్ళు నిద్రలో ఉన్నారు. సెన్సరు కొరత ఒకటి, నొక్కే చెయ్యి కొరత ఇంకొకటి. మొదటిదానికి నీ దగ్గర మందు ఉంది. రెండోదానికి లేదు.

అమ్మాయి: నొక్కడానికి ఎందుకు భయపడతారో నాకు తెలుసు. ఉత్తుత్తి అలారం అయితే ఉద్యోగం పోతుందని.

పెదనాయన: చూశావా. ఇంకా ఉంది. పర్యావరణ అనుమతి లేకుండానే నడుపుతున్నామని ఆ కంపెనీయే 2019 మేలో అఫిడవిట్ ఇచ్చింది. ప్రమాదానికి ఏడాది ముందు! ఒకవైపు ఆ కాగితం ఉంది, ఇంకోవైపు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సమ్మతి ఉంది. ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. ఇది తెలియక జరిగింది కాదమ్మా. తెలిసి, రాసి, సంతకం పెట్టి, నడిపారు. తెలియనివాడికి సాయపడే యంత్రం నువ్వు చేస్తున్నావు. తెలిసీ ఊరుకునేవాడికి ఏ యంత్రం కావాలి?

ఈ మాట దగ్గర కాసేపు ఇద్దరూ ఆగారు. నా మాట ఒకటి చెప్పాలి. విశాఖ గురించి నేను చదివినవాటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ అఫిడవిట్టే. ట్యాంకు లోపల ఏం జరుగుతుందో ఇంజనీరుకి తెలియకపోవచ్చు. తన ఫైలులో ఉన్న తన సంతకం తనకి తెలియకుండా ఉండదు. నియమాల పాటింపు గురించి ఎవరు ఏ వ్యవస్థ తయారుచేసినా ఈ ఒక్క కాగితం ముందు పెట్టుకుని మొదలుపెట్టాలి.

అమ్మాయి: తెలిసీ ఊరుకునేవాడి కోసమే నాలుగో పని, రాసిపెట్టుకోవడం, పెట్టాం పెదనాయనా. ఎర్ర దీపం వెలిగింది, ఎవరు చూశారు, ఎన్ని గంటలకి చూశారు, చూసి ఏమన్నారు, ఇవన్నీ చెరిపేయడానికి వీల్లేకుండా ఉంటాయి. ప్రమాదం జరిగాక ప్రతివాడూ 'నా దాకా రాలేదు' అంటాడు. ఆ మాట అనడానికి చోటుండదు.

పెదనాయన: ఆ రాత ఎవరి మెడకి చుట్టుకుంటుంది? షిఫ్టు ఆపరేటరుకే. 'అలర్టు నీకొచ్చింది, నువ్వు ఓకే నొక్కావు' అంటారు. డబ్బు మంజూరు చేయనివాడి పేరు ఆ తెర మీద ఎక్కడుంటుంది? ఇంగ్లండు పోస్టాఫీసుల సంగతి పేపర్లో చదివా. హొరైజన్ అని ఒక కంప్యూటరు లెక్కల సిస్టం. డబ్బు తక్కువ వచ్చిందని చూపించింది. కంప్యూటరు తప్పు చెప్పదని కోర్టులు నమ్మినయి. వందలమంది పోస్టుమాస్టర్లకి దొంగలని శిక్ష పడింది. ఏళ్ళ తర్వాత తేలింది, తప్పు సిస్టందేనని.

అమ్మాయి: 900కి పైగా. 1999 నుంచి 2015 దాకా. మా బృందంలో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఆ కథ నేనే చెప్తాను. అందుకే ఒకటి చేశాం. ఆపరేటరు అలర్టు చూసి పైకి పంపితే, పైవాడు గడువులోగా జవాబివ్వకపోతే, అది డైరెక్టరు దాకా పోతుంది. ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణ ప్రకారం కంపెనీకి ఆక్యుపయరు, అంటే చట్టం ముందు బాధ్యుడు, డైరెక్టర్లలో ఒకరే. మేనేజరు మీదికి నెట్టేసి తప్పుకోకూడదని జె.కె. ఇండస్ట్రీస్ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. చట్టం ఎక్కడ వేలు చూపిందో మా సిస్టం కూడా అక్కడికే పోతుంది.

పెదనాయన: కొనేది ఆ డైరెక్టరే కదా. ఆ ఏర్పాటు ఉంచమంటాడా?

అమ్మాయి: కొందరు తీసేయమంటారు. కొందరు ఉంచుకుంటారు. ఉంచుకున్నవాళ్ళ దగ్గర తేడా నేను కళ్ళారా చూశాను.

పెదనాయన: సరే, ఇంకోటి అడుగుతా. ఇది నేను చేసిన పనే. పలకరాయిని కోస్తే దుమ్ము. ఆ దుమ్ములో సిలికా. ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే బయటికి రాదు, మందు లేదు. మధ్యప్రదేశ్ మంద్‌సౌర్‌లో పలక బలపాల పనివాళ్ళు సిలికోసిస్‌తో చిన్న వయసులోనే పోయారని అహ్మదాబాదు వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్ళు ఎప్పుడో తేల్చారు. దుమ్ము లేవకుండా ఉండాలంటే తడిపి కోయాలి. తడపడానికి నీళ్ళేవి? మన పడమటి ప్రకాశంలో తాగడానికే బోర్లు వందల అడుగులు దించుతున్నాం. వచ్చిన నీళ్ళలో ఫ్లోరైడు. 2002లో వాల్టా చట్టం వచ్చింది. భూగర్భజలాన్ని మితిమీరి తోడేసిన ఊళ్ళని ప్రకటించారు. అక్కడ తాగునీటికి తప్ప కొత్త బోరు వేయకూడదు. ఒక చట్టం నీళ్ళు చల్లమంటుంది. ఇంకో చట్టం నీళ్ళు తోడొద్దంటుంది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు వచ్చేదాకా ఆగమందామా? చెప్పు, మేనేజరు ఏం చేయాలి?

అమ్మాయి: ఇట్లాంటి చోటే సాయం ఎక్కువ కావాలి. ఒక్కో చట్టాన్ని విడివిడిగా చూసేవాడు ఒకదాన్ని పాటించి ఇంకోదాన్ని మీరతాడు, మీరినట్టు కూడా తెలియదు. మా సిస్టం రెండూ ఒకే తెర మీద పెట్టి దార్లు చూపిస్తుంది. కోతకి వాడిన నీళ్ళని తొట్టిలో నిలిపి, బురద అడుగుకి దిగాక తేటని మళ్ళీ వాడటం ఒకటి. మిషను మూతి దగ్గరే దుమ్ముని పీల్చే ఏర్పాటు ఒకటి. ట్యాంకరు నీళ్ళు ఒకటి. నీళ్ళు లేని రోజు కోత ఆపి, పొరలు విడదీసే చేతిపని పెట్టుకోవడం ఒకటి. ఒక్కోదానికి ఖర్చెంత, దుమ్ము ఎంత తగ్గుతుంది, ఎన్నాళ్ళకి అమరుతుంది, అన్నీ పక్కన ఉంటాయి.

పెదనాయన: అన్నిటికన్నా చవకది చెప్పలేదు నువ్వు. గుడ్డ మాస్కు. ఓనరు అదే ఎంచుకుంటాడు.

అమ్మాయి: అందుకే మాస్కు ఒక్కటే పెడితే దుమ్ము అదుపులో ఉన్నట్టు మా సిస్టం లెక్కపెట్టదు. దుమ్ము పుట్టే చోట ఆపాలి, అది కుదరనప్పుడే మాస్కు. దాని కోసం మా ఆఫీసులో నేను కొట్లాడాను.

పెదనాయన: అది మంచి పని చేశావు. అయితే చూడు, ఆ మంచి పని నువ్వు చేశావు, యంత్రం చేయలేదు. నీ చోట ఇంకొకరు ఉండి మాస్కు చాలనుకుంటే, వంద ఫ్యాక్టరీల్లో మాస్కే చాలు అని తెర మీద వచ్చేది. మేము తప్పు చేస్తే ఒక గుంతలో చేసేవాళ్ళం. మీరు చేస్తే వంద చోట్ల ఒకేరోజు జరుగుతుంది.

అమ్మాయి: దిద్దుకుంటే కూడా వంద చోట్ల ఒకేరోజు దిద్దుకుంటాం.

పెదనాయన: తప్పని ఎవరో చెప్పాలి కదా ముందు. మన ఊళ్ళో పింఛన్ల సంగతే తీసుకో. ఆరంచెల పరిశీలన అని పెట్టారు గదా. మూడెకరాల మాగాణి, పదెకరాల మెట్ట, నాలుగు చక్రాల బండి, నెలకి 300 యూనిట్ల కరెంటు. కొడుకు మీటరు తల్లి ఆధార్‌కి కలిసిపోయి ఉంటుంది. బిల్లు దాటుతుంది. ఆమె పింఛను ఆగుతుంది. సచివాలయానికి పోతే ఆ పిల్లలు ఏమంటారు? 'సిస్టంలో ఇనెలిజిబుల్ అని చూపిస్తుంది అవ్వా.' ఆ ముసలామె ఎదురుగా నిలబడి ఉంది, ఆమె ఇల్లు వాళ్ళకి తెలుసు. కళ్ళముందు మనిషి కన్నా తెర మీద మాట పెద్దదైపోయింది. సాయం అని వచ్చింది తీర్పు అయి కూర్చుంది.

అమ్మాయి: తెలంగాణలో ఇంకా పెద్దగా జరిగింది. సమగ్ర వేదిక అని రకరకాల శాఖల డేటా కలిపి చూసే వ్యవస్థ. కారుందనో, ఆస్తి ఉందనో లెక్క తేల్చి లక్షల రేషను కార్డులు తీసేశారు. ఒకే పేరున్నవాళ్ళని కలగలిపేసిన సందర్భాలు ఉన్నాయి. చివరికి 2022లో సుప్రీంకోర్టు, ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ చూడండి అని చెప్పాల్సి వచ్చింది. నేను వాదించడం లేదు పెదనాయనా. ఆ సచివాలయం పిల్లకి 'సిస్టం చెప్పింది తప్పు, నేను కళ్ళతో చూశాను' అని రాసే గడి లేదు. ఉంటే, రాస్తే, పైవాడు దానికి జవాబివ్వాలని ఉంటే, కథ వేరేగా ఉండేది.

పెదనాయన: గడి ఉన్నా రాయదు. ఆమె ఉద్యోగం ఆమెకి ముఖ్యం.

అమ్మాయి: నీకు ఏం చెప్పినా మనిషి భయం దగ్గరికే తీసుకొస్తావు.

పెదనాయన: అక్కడే ఉంది కాబట్టి. ఇంకా ఒకటి. కొత్త లేబరు కోడ్‌లు వచ్చాయి గదా.

అమ్మాయి: 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. 29 చట్టాలు నాలుగు కోడ్‌లయ్యాయి. నీ గనుల చట్టం, ఫ్యాక్టరీల చట్టం రెండూ భద్రత, ఆరోగ్యం కోడ్‌లో కలిసిపోయాయి. ఆ వారం మా ఆఫీసులో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. సెక్షన్లన్నీ మళ్ళీ ముడిపెట్టాలి. పాత రూల్సులో ఏది నడుస్తుంది, ఏది పోయిందో చూడాలి. ఒంటరి మేనేజరు ఇదంతా చేసుకోగలడా? ఈ ఒక్కదానికే మా సిస్టం ఉండాలంటాను.

పెదనాయన: ఆ కోడ్‌లో ఫ్యాక్టరీ అంటే ఎంతమంది?

అమ్మాయి: కరెంటుతో నడిస్తే 20 మంది, లేకపోతే 40. పాత చట్టంలో 10, 20.

పెదనాయన: పలకలు కోసే చిన్న షెడ్డులో 14 మంది ఉన్నారనుకో. మొన్నటిదాకా అది ఫ్యాక్టరీ, ఇప్పుడు కాదు. నీ సిస్టంలో 14 అని కొడితే ఏం వస్తుంది?

అమ్మాయి: ఫ్యాక్టరీ నిబంధనలు వర్తించవని వస్తుంది. పది మంది, అంతకుపైన ఉన్నచోట ఆ కోడ్‌లోని మిగతా బాధ్యతలు ఉంటాయి, అవి చూపిస్తుంది. ప్రాణానికి ముప్పున్న పని అయితే ఒక్క మనిషి ఉన్నా వర్తింపజేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. నోటిఫికేషను రావాలి.

పెదనాయన: వచ్చేదాకా ఆ 14 మంది ఊపిరితిత్తులు ఆగుతాయా? చట్టానికి కావలసింది తలకాయల లెక్క. మేనేజరుకి తెలియాల్సింది దుమ్ము లెక్క. నీ యంత్రం చట్టం అడిగిన ప్రశ్నకి జవాబిచ్చి, పని అయిపోయిందంటుంది. ఆ 'వర్తించదు' అన్న మాట చూసి ఓనరు ఊపిరి పీల్చుకుంటాడు.

అమ్మాయి: (కాసేపు ఆలోచించి) ఆ చోట 'వర్తించదు' అని ఆగకుండా, 'చట్టం అడగడం లేదు, ముప్పు మాత్రం ఉంది' అని చూపించొచ్చు. చూపించాలి. అది ఇప్పుడు మా దగ్గర లేదు.

ఇక్కడిదాకా వాదన ఒక తీరుగా సాగింది. తర్వాత పెదనాయన చెప్పిన సంగతి నేను ఆయన నోట అంతకుముందు ఎన్నడూ వినలేదు.

పెదనాయన: నేను పనిచేసిన ఒక చోట పనివాళ్ళందరికీ ఎక్స్‌రేలు తీయించాం. ఐదేళ్ళకొకసారి పరీక్ష చేయించాలని గనుల రూల్సులో ఉండేది. గడువు తప్పలేదు. ఫారాలు నింపాం. ఇన్‌స్పెక్షనులో ఒక్క మాట రాలేదు. ఎక్స్‌రే కవర్లు ఇనప బీరువాలో పెట్టాం. అవి చదవాలంటే ఊపిరితిత్తుల మీద దుమ్ము మచ్చల్ని గుర్తుపట్టడం నేర్చిన డాక్టరు కావాలి. క్షయ మచ్చకీ దీనికీ తేడా తెలియాలి. అట్లాంటివాడు మాకు దగ్గర్లో లేడు. దగ్గుతో వెళ్తే టీబీ మందులిచ్చి పంపేవాళ్ళు. రూలు ప్రకారం పరీక్ష అయింది. పరీక్షలో ఏముందో పనివాడికి తెలియలేదు. నీ డ్యాష్‌బోర్డు ఉంటే అక్కడ ఏం చూపించేది? నూటికి నూరు.

అమ్మాయి: నూటికి నూరే చూపించేది.

పెదనాయన: అందుకే అంటున్నా. నువ్వు మేనేజరుకి సాయం చేస్తున్నావు. మేనేజరుకి కావాల్సింది తప్పు పట్టుబడకుండా ఉండటం. వాడు చెడ్డవాడని నేననను. నేనూ మేనేజరునే. వాడి కుర్చీ అట్లాంటిది.

అమ్మాయి: అయితే ఎక్స్‌రే తీసిన తేదీతో పాటు, ఎవరు చదివారు, ఏమని రాశారు, పనివాడికి ఏ రోజు చెప్పారు, అతని కాపీ అతనికి ఇచ్చారా అని నాలుగు గడులు పెడతా. నాలుగూ నిండేదాకా 'పూర్తయింది' అని రాదు. ఇది నువ్వు చెప్పకపోతే నాకు తట్టేది కాదు.

పెదనాయన: మేనేజరు నింపుతాడు ఆ నాలుగు గడులూ.

అమ్మాయి: మరి ఏం చేయమంటావు?

పెదనాయన: దీపం పనివాడికి వెలిగించు. మేనేజరు ఫోనుకి పోయే అలర్టు అదే నిమిషంలో ఆ మిషను దగ్గర నిలబడినవాడి ఫోనుకి కూడా పోవాల. ఎక్స్‌రేలో ఏముందో అతని ఫోనుకి తెలుగులో పోవాల.

అమ్మాయి: చట్టంలో దానికి అడ్డం లేదు. తోడే ఉంది. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41హెచ్ అని ఒక సెక్షను చేర్చారు. ప్రమాదకరమైన ప్రక్రియ నడిచే ఫ్యాక్టరీలో ముప్పు దగ్గరపడిందని పనివాడికి అనిపిస్తే మేనేజరుకి చెప్పొచ్చు, అదే సమయంలో ఇన్‌స్పెక్టరుకీ చెప్పొచ్చని అందులో ఉండేది. కొత్త కోడ్‌లో 14వ సెక్షను ఆ హక్కుని ఉద్యోగులందరికీ ఇచ్చింది. తన ఆరోగ్యం, భద్రత గురించి యజమానిని సమాచారం అడిగే హక్కు కూడా అందులోనే ఉంది.

పెదనాయన: అంత తెలిసినదానివి, ఎందుకు పెట్టలేదు?

అమ్మాయి: కొనేది కంపెనీ కాబట్టి. ఒక కంపెనీకి చూపించాను. సేఫ్టీ ఆఫీసరుకి నచ్చింది. పైవాళ్ళు ఒప్పుకోలేదు. ప్రతి చిన్న అలర్టుకీ పనివాళ్ళు గేటు దగ్గర చేరతారన్నారు. వాళ్ళ భయాన్నీ పూర్తిగా కొట్టిపారేయలేను. రోజుకి 50 అలర్టులు పోతే నాలుగో రోజుకి ఎవరూ చూడరు. నిజంగా ముప్పున్న రోజు కూడా చూడరు.

పెదనాయన: 50 పంపొద్దు. వాడి ప్రాణానికి తగిలేది ఒక్కటే పంపు. ఏది పంపాలో వాళ్ళనే అడిగి తేల్చు. సేఫ్టీ కమిటీలు ఉన్నది అందుకే గదా, సగం మంది పనివాళ్ళే ఉండాలి వాటిలో.

అమ్మాయి: కంపెనీ కొనకపోతే?

పెదనాయన: ప్రభుత్వాన్ని కొనమను. అనుమతుల పోర్టల్ వాళ్ళదే కదా. పరిశ్రమ పెట్టేవాడికి సింగిల్ విండో పెట్టారు. పనివాడికి కిటికీ ఏది?

అమ్మాయి: ఆ మాట నేను మా మీటింగులో అంటే నన్ను రాజకీయం మాట్లాడొద్దంటారు.

పెదనాయన: నువ్వు మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు? గోడ కింద నిలబడినవాడి మాట నీ మీటింగు దాకా రాదు.

అమ్మాయి: సరే, నువ్వే చెప్పు. నీళ్ళు ఆగిపోయిన రోజు కటింగు మిషను మనిషికి ఏమని మెసేజి పోవాలి? వాడికి అర్థమయ్యేట్టు చెప్పు, రాసుకుంటా.

పెదనాయన: రాసుకో. 'నీ మిషనుకి నీళ్ళు ఆగినయి. దుమ్ము లేస్తుంది, ఊపిరితిత్తులకి చేటు. ఈ సంగతి మేనేజరుకి చెప్పు. వినకపోతే ఇన్‌స్పెక్టరుకి చెప్పే హక్కు నీకుంది.' కింద నంబరు పెట్టు.

అమ్మాయి: మూడు వాక్యాలదాకా పోతాయి పెదనాయనా. నాలుగోది మా లీగల్ వాళ్ళు తీసేస్తారు.

పెదనాయన: నాలుగోది లేకుండా పంపేట్టయితే మొదటి మూడూ పంపొద్దు. చెప్పినవాడి పనిపోతుంది, అంతే జరిగేది.

అమ్మాయి: మూడే అందినా మూతికి తడిగుడ్డ కట్టుకుంటాడు, పక్కకి జరుగుతాడు. నాలుగోదాని కోసం ఆ మూడూ ఆపమంటావా?

పెదనాయన: ఆపమనే అంటున్నా.

అమ్మాయి: నేను ఆపను. మూడూ పంపిస్తా, నాలుగోదాని కోసం కొట్లాడతా.